డగౌట్‌లో మన ఊరి మనిషి

రికీ పాంటింగ్‌కు విశాఖపట్నం కొత్త ఊరేమీ కాదు. 2001 ఏప్రిల్ 3న ఇందిరా ప్రియదర్శిని స్టేడియంలో మ్యాథ్యూ హేడెన్‌తో పాటు అతడూ మన బౌలర్లను ఉతికి ఆరేశాడు. హేడెన్ 111, పాంటింగ్ 101, ఆస్ట్రేలియా 338. ఆ దెబ్బలు కళ్లారా చూసిన కుర్రాళ్లకు ఇప్పుడు నలభై దాటింది. 2024 మార్చి 31న పిల్లల్ని వెంటబెట్టుకుని మధురవాడ స్టేడియానికి వెళ్లినవాళ్లకు డగౌట్‌లో మళ్లీ అదే పాంటింగ్ కనిపించాడు. ఈసారి ఆతిథ్య జట్టు కోచ్‌గా.

ఢిల్లీలో మహిళల ప్రీమియర్ లీగ్ జరగడంతో ఢిల్లీ క్యాపిటల్స్ ఆ ఏడాది తొలి రెండు సొంత మ్యాచ్‌లను విశాఖలో ఆడింది. మొదటి మ్యాచ్ చెన్నైతో. గ్యాలరీల్లో పసుపు రంగే ఎక్కువ. ధోనీ 16 బంతుల్లో 37 కొట్టి జనాన్ని ఉర్రూతలూగించినా, గెలుపు మాత్రం 20 పరుగుల తేడాతో ఢిల్లీదే. ఏప్రిల్ 3న కోల్‌కతా వచ్చి 272 బాదింది. 106 పరుగుల ఓటమి. సీజన్ ముగిసేసరికి ఏడు గెలుపులు, ఏడు ఓటములు, ఆరో స్థానం. జులైలో పాంటింగ్‌తో బంధం ముగిసిందని జట్టు ప్రకటించింది. ఏడు సీజన్లు నడిపిన మనిషి వెళ్లిపోయాడు. ఇక తర్వాత ఎవరు?

అక్టోబర్‌లో వచ్చిన జవాబు ఢిల్లీలో ఎలా వినిపించిందో గానీ, విశాఖలో మాత్రం చెవులు రిక్కించి విన్నారు. హెడ్ కోచ్‌గా హేమంగ్ బదానీ. సౌరవ్ గంగూలీ కూర్చున్న డైరెక్టర్ ఆఫ్ క్రికెట్ కుర్చీలో వై. వేణుగోపాలరావు. బదానీ చెన్నై ఆటగాడు. 2001లో పాంటింగ్ విశాఖలో సెంచరీ చేసిన ఆ సిరీస్‌లోనే పుణెలో ఆస్ట్రేలియా మీద వంద కొట్టాడు, మ్యాచ్ మాత్రం ఓడాం. వేణుగోపాలరావు ఈ ఊళ్లోనే పుట్టినవాడు. తెలుగు వ్యాఖ్యానంలో రోజూ వినిపించే గొంతు ఒక ఐపీఎల్ జట్టు ఎవరిని కొనాలో, ఎవరిని వదులుకోవాలో తేల్చే గదిలోకి వెళ్లింది. ఇది ఈ తీరానికి చిన్న విషయం కాదు.

ఆయన ఆటను మరిచిపోయినవారికి ఒక్క ఇన్నింగ్స్ గుర్తు చేస్తే చాలు. 2004లో దులీప్ ట్రోఫీలో ఆడిన ఇంగ్లండ్-ఎ జట్టు గుర్గావ్‌లో సౌత్ జోన్‌కు 501 పరుగుల లక్ష్యం పెట్టింది. నాలుగో ఇన్నింగ్స్‌లో అంత స్కోరు ఛేదించాలని ఎవరూ అనుకోరు. వేణుగోపాల్ 228 పరుగులతో అజేయంగా నిలిచి గెలిపించాడు. 2000లో అండర్-19 ప్రపంచకప్ నెగ్గిన జట్టులో సభ్యుడు. 2005 జులై 30న దంబుల్లాలో భారత్ తరఫున తొలి వన్డే ఆడాడు. సురేశ్ రైనాకూ అదే తొలి మ్యాచ్. గ్రెగ్ ఛాపెల్‌కు కోచ్‌గా అదే తొలి టోర్నీ. పదహారు వన్డేలతోనే అంతర్జాతీయ ప్రయాణం ఆగిపోయింది. కొత్త కోచ్ వచ్చినప్పుడు తలుపులు ఎలా తెరుచుకుంటాయో, ఎంత త్వరగా మూసుకుపోతాయో ఆయన స్వయంగా చూశాడు.

వేలంలో చేయి ఎత్తే ముందు అలాంటి అనుభవం ఉన్నవాడు పక్కన ఉండటం మంచిదే. కానీ ఊరివాడన్న అభిమానం ఒక్కటే సరిపోదు. కోచ్ అనేవాడు నిజంగా ఏం చేయగలడు, అతడిని ఎవరు నియమిస్తారు, ఎన్నాళ్లు ఉంచుతారు అన్నవి తేలితేనే ఆ అభిమానానికి అర్థం.

కెప్టెన్, కోచ్, మధ్యలో ఒక గీత

అమెరికా బేస్‌బాల్‌లో ఈ లెక్క సులువు. అక్కడ మేనేజర్ అంటే జట్టు మొత్తానికి పెద్ద. పిచ్చర్‌ను ఎప్పుడు మార్చాలి, ఎవరిని బ్యాటింగ్‌కు పంపాలి అన్నవి డగౌట్‌లోంచి అతడే నిర్ణయిస్తాడు. ఫిలడెల్ఫియా అథ్లెటిక్స్‌కు కోనీ మ్యాక్ 1901 నుంచి 1950 దాకా, ఏకంగా యాభై సీజన్లు మేనేజర్‌గా ఉన్నాడు. ఐదుసార్లు వరల్డ్ సిరీస్ గెలిచాడు. పట్టికలో అట్టడుగున నిలిచిన ఏళ్లు అంతకంటే చాలా ఎక్కువ. అయినా అతడిని ఎవరూ తీసేయలేకపోయారు, జట్టు యాజమాన్యంలో అతడికీ వాటా ఉంది మరి.

క్రికెట్‌లో గీత వేరేచోట ఉంటుంది. విశాఖ పోర్టుకు వచ్చే ఓడ డాల్ఫిన్స్ నోస్ పక్కనున్న ఇరుకు కాలువలోకి దూరకముందే పోర్టు పైలట్ అందులోకి ఎక్కుతాడు. లోతు ఎంత, గాలి ఎటు, మలుపు ఎక్కడ అన్నవి అతడికి కంఠతా వచ్చు. ఓడ బాధ్యత మాత్రం ఓడ కెప్టెన్‌దే. క్రికెట్ కోచ్ పని సరిగ్గా ఆ పైలట్ పని. బంతి ఎవరికివ్వాలో మైదానంలో కెప్టెన్ నిర్ణయిస్తాడు. ఆ కెప్టెన్ చేతిలో ఏయే బౌలర్లు ఉండాలన్నది నెలల ముందే కోచ్ నిర్ణయిస్తాడు. అందుకే కొత్త కోచ్ ఎవరని అడిగేవాళ్లు కెప్టెన్ ఎవరని కూడా అదే నోటితో అడగాలి. ఢిల్లీ విషయంలో రెండూ ఒకేసారి మారాయి. పాంటింగ్ వెళ్లిన కొన్ని నెలలకే రిషభ్ పంత్ కూడా బయటికొచ్చాడు. 2024 నవంబర్‌లో జెడ్డాలో జరిగిన వేలంలో లక్నో అతడిని 27 కోట్లకు కొనుక్కుంది. ఢిల్లీ పగ్గాలు అక్షర్ పటేల్‌కు దక్కాయి.

వంతులు, వేలాలు

ఈ జట్టుకు ఇద్దరు యజమానులు. 2008లో జీఎంఆర్ సంస్థ 8.4 కోట్ల డాలర్లకు ఢిల్లీ డేర్‌డెవిల్స్‌ను కొన్నది. దాని వ్యవస్థాపకుడు గ్రంధి మల్లికార్జునరావుది రాజాం. విశాఖవాసులకు ఇప్పుడు ఆ పేరు భోగాపురం విమానాశ్రయంతో మరింత దగ్గరైంది. 2018లో సగం వాటా జేఎస్‌డబ్ల్యూ చేతికి వెళ్లింది. అదేమో ఉక్కు సంస్థ. ఆ ఏడాది చివర్లోనే పేరు ఢిల్లీ క్యాపిటల్స్‌గా మారింది. విమానాశ్రయం కట్టేవారూ ఉక్కు పోసేవారూ కలిసి నడిపే జట్టు, ఉక్కునగరం ఉన్న ఊరిని రెండో ఇల్లుగా చేసుకుంది. అభిమానికి ఇది సంతోషమే.

సమస్య నడిపే పద్ధతిలో ఉంది. పురుషుల జట్టు నిర్వహణ రెండేళ్లకోసారి చేతులు మారేలా ఇద్దరూ ఒప్పందం చేసుకున్నారు. 2025, 2026 సీజన్లు జీఎంఆర్ వంతు. ఆ రెండేళ్లు మహిళల జట్టు జేఎస్‌డబ్ల్యూ చూస్తుంది. అందుకే గంగూలీ అటు వెళ్లాడు, ఇటు బదానీ, వేణుగోపాల్ వచ్చారు. బదానీ జీఎంఆర్‌కు తెలిసినవాడే. అదే సంస్థకు చెందిన దుబాయ్ క్యాపిటల్స్‌కు కూడా కోచ్‌గా ఉండి 2025 ఫిబ్రవరిలో ఐఎల్‌టీ20 టైటిల్ గెలిపించాడు. తమిళనాడు ప్రీమియర్ లీగ్‌లో చేపాక్ సూపర్ గిల్లీస్‌ను విజేతగా నిలిపినవాడు. పేరులో మెరుపు లేకపోయినా చేతిలో పని ఉన్నవాడు.

ఇప్పుడు క్యాలెండర్ పక్కన పెట్టుకుని చూద్దాం. ఐపీఎల్‌లో మెగా వేలం 2022లో జరిగింది, తర్వాతిది 2025 సీజన్ కోసం జరిగింది. అంటే మూడేళ్ల చక్రం. జెడ్డాలో కట్టిన జట్టు మామూలు లెక్కలో 2027 వరకు నడవాలి. యజమానుల వంతు మాత్రం రెండేళ్లే. మొక్క నాటినవాడికి మూడో ఏడు ఉంటుందో లేదో తెలియదు. వంతు మారితే, ఒకరు ఎంపిక చేసిన ఆటగాళ్లతో మరొకరు సీజన్ నడపాలి. ఓడితే తప్పు ఎవరిది? కొన్నవాడిదా, ఆడించినవాడిదా? ఢిల్లీ అభిమాని నిజంగా అడగాల్సిన ప్రశ్న ఇదే. తర్వాతి కోచ్ పేరు కంటే ముందు అతడి గడువు తేలాలి. వేలం చక్రం మూడేళ్లయితే కోచ్ ఒప్పందమూ మూడేళ్లు ఉండాలి, కంపెనీల మధ్య వంతులు ఎలా తిరిగినా సరే.

విజయనగరం నుంచి లార్డ్స్ దాకా

డబ్బు పెట్టేవారి చేతిలోకి జట్టు పగ్గాలు వెళ్తే ఏమవుతుందో చెప్పే కథ ఒకటి విశాఖకు అరవై కిలోమీటర్ల దూరంలోనే ఉంది. విజయనగరం రాజకుటుంబానికి చెందిన విజయానంద గజపతిరాజు క్రికెట్ ప్రపంచానికి విజ్జీ. ఆట మీద ఆయనకున్న ప్రేమను ఎవరూ తప్పుపట్టలేరు. 1930-31లో జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్ వంటి మహామహులను ఇంగ్లండ్ నుంచి పిలిపించి తన సొంత జట్టులో ఆడించాడు. ఆ ప్రేమ, ఆ పలుకుబడి కలిసి 1936లో ఆయన్ను భారత టెస్టు కెప్టెన్‌ను చేశాయి. నిజంగా ఆ పదవికి తగినవాడు అదే జట్టులో ఉన్నాడు. భారత తొలి టెస్టు కెప్టెన్, మన తెలుగువాడు సి.కె. నాయుడు.

ఆ ఇంగ్లండ్ పర్యటనలో జరిగింది భారత క్రికెట్‌లో ఇప్పటికీ మానని గాయం. జట్టులో అత్యుత్తమ ఫామ్‌లో ఉన్న లాలా అమర్‌నాథ్‌ను, క్రమశిక్షణ పేరుతో తొలి టెస్టుకు ముందే ఓడెక్కించి ఇంటికి పంపేశారు. కెప్టెన్ విజ్జీ, జట్టు మేనేజర్ మేజర్ బ్రిటన్-జోన్స్ కలిసి తీసుకున్న నిర్ణయం అది. మూడు టెస్టుల్లో రెండు ఓడాం. విజ్జీ బ్యాటు నుంచి వచ్చినవి మొత్తం 33 పరుగులు. పర్యటన మధ్యలో ఆయనకు సర్ బిరుదు దక్కింది. తర్వాత విచారణ జరిపిన బ్యూమాంట్ కమిటీ ఆయన సారథ్యాన్ని తప్పుపట్టింది. జట్టు వర్గాలుగా చీలిన ఆ వేసవిలోనే మాంచెస్టర్‌లో విజయ్ మర్చంట్, ముస్తాక్ అలీ తొలి వికెట్‌కు 203 పరుగులు జోడించారు. అంటే ప్రతిభకు కొదవ లేదు. దాన్ని ఒక్కతాటి మీదికి తెచ్చే మనిషే లేడు.

ఇవాళ్టి ఫ్రాంచైజీ యజమానులు ప్యాడ్లు కట్టుకుని బరిలోకి దిగరు. అది మంచి మార్పే. అయితే కోచ్‌ను ఏ గదిలో ఎంచుకుంటారో ఆ గది తాళం ఇప్పటికీ డబ్బు పెట్టినవారి దగ్గరే ఉంది. అందులో తప్పు లేదు. నియమించిన తర్వాత మాత్రం ఆ తాళం కోచ్‌కు ఇవ్వాలి.

పెద్ద పేర్లు, కింది మెట్లు

అభిమానులకు పెద్ద పేరు మీద మోజు సహజం. ప్రపంచకప్ గెలిపించినవాడు వస్తే మన జట్టుకూ అదే జరుగుతుందని ఆశ. ఢిల్లీ ఆ ప్రయోగం చేసి చూసింది. గ్యారీ కిర్‌స్టన్ 2011లో భారత్‌ను విశ్వవిజేతగా నిలిపిన కోచ్. 2014లో ఢిల్లీకి వచ్చాడు. పద్నాలుగు మ్యాచ్‌ల్లో గెలిచినవి రెండే, చివరి స్థానం. మరుసటి ఏడు ఏడో స్థానం. అంతటితో ముగిసింది. అదే కిర్‌స్టన్‌ను భారత బోర్డు ఎలా ఎంచుకుందో ఆయనే చెప్పాడు. తాను దరఖాస్తు కూడా చేయలేదు. సునీల్ గావస్కర్ నుంచి మెయిల్ వస్తే ఇంటర్వ్యూకు వెళ్లాడు, ఏడు నిమిషాల్లో ఉద్యోగం ఖాయమైంది. ఏడు నిమిషాల్లో తీసుకున్న మనిషికి మూడేళ్లు సమయమిచ్చారు, ధోనీ లాంటి కెప్టెన్‌ను ఇచ్చారు. ఢిల్లీలో అతడికి ఆ రెండూ దొరకలేదు.

పక్కనున్న హైదరాబాద్‌లో కథ మరోలా నడిచింది. 2008లో దక్కన్ ఛార్జర్స్ అట్టడుగున నిలిచింది. కోచ్ రాబిన్ సింగ్ స్థానంలో డారెన్ లేమన్ వచ్చాడు, లక్ష్మణ్ నుంచి పగ్గాలు గిల్‌క్రిస్ట్ చేతికి వెళ్లాయి. 2009 మే 24న జొహన్నెస్‌బర్గ్‌లో బెంగళూరును ఆరు పరుగుల తేడాతో ఓడించి ఛార్జర్స్ కప్పు ఎత్తింది. ఆ జట్టులో వేణుగోపాలరావూ ఆడాడు. అడుగు నుంచి శిఖరానికి ఒక్క ఏడాదిలో. సన్‌రైజర్స్ 2023లో బ్రయాన్ లారాను కోచ్‌గా పెట్టుకుంది. క్రికెట్ చరిత్రలో అంతకంటే పెద్ద బ్యాటింగ్ పేర్లు ఎన్ని ఉన్నాయి? పదో స్థానం. మరుసటి ఏడు డేనియల్ వెటోరీ వచ్చాడు, కమిన్స్ కెప్టెనయ్యాడు. ముంబయి మీద 277, బెంగళూరు మీద 287 కొట్టిన ఆ జట్టు ఫైనల్ దాకా వెళ్లి 113కే కూలిపోయింది.

ఈ ఉదాహరణలు చూపి, ఒక్క ఏడాదిలోనే ఫలితం రావాలని వాదించేవారున్నారు. వారికి పాంటింగ్ ఢిల్లీ కథే సమాధానం. 2018లో అతడి మొదటి సీజన్. ఆరు మ్యాచ్‌ల్లో ఒక్కటే గెలవడంతో గంభీర్ కెప్టెన్సీ వదిలేశాడు, పగ్గాలు శ్రేయస్ అయ్యర్ అందుకున్నాడు. చివరికి జట్టు ఎనిమిదో స్థానంలో, అంటే అట్టడుగున. అప్పుడే పాంటింగ్‌ను పంపించి ఉంటే? 2019 మే 8 రాత్రి విశాఖలో జరిగిన ఎలిమినేటర్ ఉండేది కాదు. సన్‌రైజర్స్ మీద పంత్ 21 బంతుల్లో 49 కొట్టి మ్యాచ్‌ను తిప్పేశాడు, కీమో పాల్ చివరి బౌండరీతో రెండు వికెట్ల గెలుపు. తెలుగు గడ్డ మీద తెలుగు జట్టు ఓడి ఢిల్లీ గెలిచిన ఆ రాత్రి విశాఖ ప్రేక్షకుల మనసు రెండుగా చీలింది. రెండు రోజుల తర్వాత ఇదే మైదానంలో చెన్నై చేతిలో ఓడి ఢిల్లీ ఆగిపోయింది. 2020లో దుబాయ్‌లో మొట్టమొదటిసారి ఫైనల్ ఆడింది. 2021లో లీగ్ దశలో అగ్రస్థానం.

ఆ తర్వాత 2022లో ఐదు, 2023లో తొమ్మిది, 2024లో ఆరు. అక్కడ పాంటింగ్ కాలం నిజంగానే తీరింది. ఏడాది పొడవునా దేశవాళీ క్రికెట్‌ను చూస్తూ, ఖాళీ నెలల్లోనూ అందుబాటులో ఉండే భారతీయ కోచ్ కావాలని యాజమాన్యం కోరుకున్నట్టు పాంటింగే చెప్పుకొచ్చాడు. ఆ కోరిక న్యాయమైనదే. ఆ మరుసటి ఏడాది పాంటింగ్, శ్రేయస్ అయ్యర్ జంట పంజాబ్‌ను పదకొండేళ్ల తర్వాత ఫైనల్‌కు చేర్చినప్పుడు ఢిల్లీ అభిమాని గుండె మండింది. ఆ మంటలో కూడా ఒక నిజం ఉంది: వాళ్లిద్దరికీ ఆ పొత్తు కుదిరింది ఢిల్లీలోనే, అందుకు పట్టింది ఏళ్లు.

ఏడు పరుగులకు మూడు వికెట్లు

బదానీ, వేణుగోపాల్ మొదటి పరీక్ష విశాఖలోనే జరిగింది. 2025 మార్చి 24. ఎదుట లక్నో, దాని కెప్టెన్ నిన్నటిదాకా ఢిల్లీ కెప్టెనైన పంత్. మార్ష్ 72, పూరన్ 75 బాదడంతో లక్నో 209 చేసింది. ఢిల్లీ ఏడు పరుగులకే మూడు వికెట్లు పారేసుకుంది. 65కు సగం జట్టు ఇంటికెళ్లింది. జనం లేచి వెళ్లిపోవాల్సిన స్థితి. అప్పుడు విప్రాజ్ నిగమ్ అనే కుర్రాడు 15 బంతుల్లో 39 కొట్టాడు. అశుతోష్ శర్మ 31 బంతుల్లో 66. ఆఖరి ఓవర్లో చివరి వికెట్ జోడీ. మోహిత్ శర్మను స్టంపౌట్ చేసే అవకాశం పంత్ చేజారింది. ఆ వెంటనే అశుతోష్ సిక్సర్. ఒక్క వికెట్ తేడాతో గెలుపు. మధురవాడలో ఆ అరుపులు కొండల దాకా వినిపించి ఉంటాయి.

ఆ రాత్రి గెలిచింది వేలంపాట కూడా. విప్రాజ్‌ను కొన్నది 50 లక్షలకు, అశుతోష్‌ను 3.80 కోట్లకు. దేశవాళీ మ్యాచ్‌లు నిజంగా చూసినవాడే అలాంటివారిని పట్టుకోగలడు. ఆరు రోజుల తర్వాత హైదరాబాద్ మీద స్టార్క్ ఐదు వికెట్లు తీశాడు. ఢిల్లీ వరుసగా నాలుగు మ్యాచ్‌లు గెలిచింది.

చివరికి ప్లేఆఫ్స్‌కు మాత్రం చేరలేదు. ఐదో స్థానం. ఎందుకని అడిగితే వేలం జాబితాలోనే సగం జవాబు దొరుకుతుంది. 9 కోట్లు పెట్టి నిలుపుకున్న ఫ్రేజర్-మెక్‌గర్క్ ఆరు ఇన్నింగ్స్‌ల్లో 55 పరుగులు చేశాడు. 10.75 కోట్ల నటరాజన్ ఎక్కువ మ్యాచ్‌లు బెంచీ మీదే కూర్చున్నాడు. 6.25 కోట్ల హ్యారీ బ్రూక్ అసలు రానేలేదు. మేలో లీగ్ వారం పాటు ఆగి మళ్లీ మొదలైనప్పుడు స్టార్క్ తిరిగిరాలేదు. ఓపెనింగ్ జోడీ పదేపదే మారింది. 539 పరుగులు చేసిన కేఎల్ రాహుల్‌ను ఒకచోట కుదురుగా ఉంచలేదు. గుజరాత్ మీద ఓపెనర్‌గా దిగి 112 కొట్టినప్పుడు కూడా పది వికెట్ల తేడాతో ఓడింది ఢిల్లీ. స్టార్క్, బ్రూక్ విషయంలో కోచ్‌ను నిందించలేం. బ్యాటింగ్ వరుసలో కుదురు లేకపోవడం మాత్రం కోచ్ పనే. ఊరి మనిషి ఉన్నాడని ఆ లోపాన్ని కప్పిపుచ్చనక్కర్లేదు. ఊరి మనిషి కాబట్టే గట్టిగా అడగొచ్చు.

మధురవాడలో రెండు ఓటములు

కోచ్‌ను తీసేయాలన్న కేక ఎంత తొందరగా పుడుతుందో, ఎంత తొందరగా అది తప్పని తేలుతుందో 2025 అక్టోబర్‌లో విశాఖ చూసింది. మహిళల ప్రపంచకప్. 9న దక్షిణాఫ్రికా 81కి ఐదు వికెట్లు కోల్పోయి ఓటమి అంచున ఉన్నా, నదీన్ డి క్లెర్క్ 54 బంతుల్లో 84 కొట్టి మన గెలుపును లాక్కుపోయింది. 12న, మిథాలీ రాజ్, రావి కల్పన పేర్లతో స్టాండ్లు ఆవిష్కరించిన రోజే, మనవాళ్లు 330 చేసినా సరిపోలేదు. అలీసా హీలీ 142తో ఆస్ట్రేలియా ఛేదించేసింది. అప్పటికి మహిళల వన్డేల్లో అదే అతి పెద్ద ఛేదన. ఇండోర్‌లో ఇంగ్లండ్ చేతిలో నాలుగు పరుగుల తేడాతో మూడో ఓటమి.

కోచ్ అమోల్ మజుందార్ మీద విమర్శలు వెల్లువెత్తాయి. ఆయన దేశానికి ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఫస్ట్ క్లాస్‌లో పదకొండు వేలకు పైగా పరుగులు చేసినా ఆ తలుపు తెరుచుకోలేదు. 1988లో సచిన్, కాంబ్లీ 664 పరుగుల భాగస్వామ్యం నెలకొల్పిన స్కూలు మ్యాచ్‌లో ప్యాడ్లు కట్టుకుని తన వంతు కోసం ఎదురుచూసిన బ్యాటర్ ఆయనే. ఐదుగురు బౌలర్లతోనే ఆడటం విశాఖలో దెబ్బతీసిందని గ్రహించి, ఇండోర్‌లో జెమీమా రోడ్రిగ్స్‌ను పక్కనపెట్టి మరో బౌలర్‌ను తెచ్చారు. ఓడారు. వెంటనే ఆమెను తిరిగి పిలిచి మూడో స్థానంలో పంపారు. న్యూజిలాండ్ మీద 76, సెమీస్‌లో ఆస్ట్రేలియా మీద 127, రెండూ అజేయంగా. విశాఖలో మన మీద నెలకొన్న ఛేదన రికార్డును మనవాళ్లే 339 ఛేదించి చెరిపేశారు. నవంబర్ 2న కప్పు గెలిచారు. కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి టోర్నీలో 14 వికెట్లు తీసింది. మధురవాడ ఓటముల రాత్రే ఆ కోచ్‌ను మార్చేసి ఉంటే ఇందులో ఏది జరిగేది?

అదే నవంబర్‌లో పురుషుల జట్టు గువాహటిలో దక్షిణాఫ్రికా చేతిలో 408 పరుగుల తేడాతో చిత్తయింది. కోచ్ గంభీర్‌ను తప్పించాలన్న డిమాండ్ దేశమంతా వినిపించింది. డిసెంబర్ 6న విశాఖలో జైస్వాల్ సెంచరీతో వన్డే సిరీస్ గెలిచాక ఆ గోల కొంత తగ్గింది. ఒక మైదానంలో రెండు నెలల వ్యవధిలో ఇద్దరు కోచ్‌ల జాతకాలు ఇలా తారుమారయ్యాయి. అయితే గంభీర్ విషయంలో టెస్టుల ప్రశ్న ఒక వన్డే గెలుపుతో తీరేది కాదు. సొంతగడ్డ మీద న్యూజిలాండ్ చేతిలో 0-3, దక్షిణాఫ్రికా చేతిలో 0-2. అక్కడ ఓపికతో పాటు జవాబు కూడా కావాలి.

తర్వాతి మనిషి

ఢిల్లీ క్యాపిటల్స్ కుర్చీ ఎప్పుడు ఖాళీ అయినా, ఎవరి వంతులో ఖాళీ అయినా, విశాఖ అభిమానికి కొన్ని కోరికలున్నాయి. వచ్చేవాడు ఏడాదిలో రెండు నెలలు కాకుండా పన్నెండు నెలలూ మన మైదానాలను చూసేవాడై ఉండాలి. వేలం గదిలో చివరి మాట అతడిదై ఉండాలి. మూడేళ్లకు తక్కువ కాకుండా ఒప్పందం ఉండాలి. మొదటి ఏడాది అట్టడుగున నిలిచినా ఆగాలి, మూడో ఏడాది కూడా అక్కడే ఉంటే మొహమాటం లేకుండా పంపాలి. డైరెక్టర్ కుర్చీలో వేణుగోపాలరావు లాంటి తీరప్రాంత మనిషి ఉండటం ఆనవాయితీ కావాలి.

ఆ చివరి కోరిక ఉత్త ప్రాంతాభిమానం కాదు. విశాఖ వికెట్‌కీపర్ కె.ఎస్. భరత్‌ను ఢిల్లీ 2022లో 2 కోట్లకు కొని దాదాపు సీజనంతా పక్కన కూర్చోబెట్టింది. 2023-24 రంజీలో 902 పరుగులతో అందరికంటే ముందు నిలిచిన ఆంధ్ర బ్యాటర్ రికీ భుయ్‌కి ఆ వెంటనే వచ్చిన ఐపీఎల్‌లో అదే జట్టులో దక్కినవి ఒకటి రెండు మ్యాచ్‌లే. హిందుస్థాన్ జింక్ ఉద్యోగం వదులుకుని తండ్రి తీర్చిదిద్దిన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి మెల్‌బోర్న్‌లో టెస్టు సెంచరీ చేసే స్థాయికి ఎదిగింది సన్‌రైజర్స్‌లో, ఢిల్లీలో కాదు. జెడ్డా వేలంలో ఢిల్లీ 30 లక్షలకు మరో పేరు తీసుకుంది: త్రిపురాన విజయ్, టెక్కలి కుర్రాడు, ఆఫ్‌స్పిన్ వేసే ఆల్‌రౌండర్. తర్వాతి కోచ్ ఎవరైనా, ఏ దేశం నుంచి వచ్చినా, మధురవాడలో నెట్స్ దగ్గర అతడిని నిలబెట్టి విశాఖ విలేకరులు అడగాల్సిన మొదటి ప్రశ్న ఈ కుర్రాడి గురించే.